ఎవరూ లేని కోటలు

స్టూడియో మూతపడిన రోజు శ్రావణ్‌కుమార్, కీర్తన ఒకే బండి మీద శంషాబాద్ వచ్చారు. ఆఫీసు బల్లల మీద మిగిలిన సామాను ఒక అట్టపెట్టెలో సర్దుకుని, దాన్ని ఇద్దరి మధ్య ఇరికించుకున్నారు.

వీడియో గేములకు బొమ్మలు గీసే ఆ స్టూడియోలో అతను సీనియర్. కోటలు, కొండలు, గుహలు, పాడుబడిన నగరాలు, ఆటలో వెనకాల కనిపించే లోకమంతా అతని చేతి మీదుగానే పోయేది. కీర్తన అతని కింద పని నేర్చుకోవడానికి చేరిన అమ్మాయి. వెలుగు ఎటు నుంచి పడితే నీడ ఎటు సాగుతుందో, దూరపు కొండకు రంగు ఎందుకు పలచబడుతుందో అన్నీ అతనే చెప్పాడు. చెప్తూ చెప్తూనే మనసు పడ్డాడు. ఆమె వాళ్లు కాకినాడ నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో స్థిరపడినవాళ్లు. అతనిది శంషాబాద్‌లోనే పుట్టి పెరిగిన కుటుంబం. పెద్దవాళ్లు కొన్నాళ్లు మొహాలు ముడుచుకుని, తర్వాత వాళ్లే ముందుండి పెళ్లి చేశారు.

ఇల్లు సొంతం కాబట్టి కిరాయి బాధ లేదు. కింద శ్రావణ్ అమ్మ అమృతమ్మ, నాన్న బాలమల్లు. పై గదిలో వీళ్లిద్దరూ. బాలమల్లు ఊరి చివర ఉన్న కాస్త జాగాలో పాలకూర, మెంతి వేసి మార్కెట్‌కు తోలుతాడు. విమానం నెత్తి మీదుగా దిగుతుంటే మాట ఆపడం, అది పోయాక ఆపిన చోటి నుంచే అందుకోవడం ఆ ఇంట్లో అందరికీ అలవాటే.

ఇద్దరూ ఉద్యోగాల కోసం తిరిగారు. ఎక్కడికి పోయినా "చూసి చెప్తాం" అన్నారు. చూసినట్టూ లేరు, చెప్పిందీ లేదు. ఆ ఖాళీలో కీర్తన కాలేజీ స్నేహితురాలు ఒకామె పుణె నుంచి ఫోన్ చేసి ఒక బొమ్మ గీసిపెట్టమంది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక మాయాలోకపు కథను తామే అల్లుకుంటూ ఆడే ఆట ఒకటుంది. అందులో ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. ఒకరు మాంత్రికుడు, ఇంకొకరు పొడుగు చెవుల విలుకత్తె, మరొకరు గుట్టల కింద బతికే మరుగుజ్జు. అలా నెలల తరబడి ఆడుకుంటారు. ఆ స్నేహితురాలికి తన విలుకత్తె మొహం ఎలా ఉంటుందో చూసుకోవాలనిపించింది. కీర్తన గీసి ఇచ్చింది. ఆమెతో ఆడేవాళ్లు మాకూ కావాలన్నారు. ఊరికే వద్దు, డబ్బు తీసుకోమన్నారు.

అప్పుడు శ్రావణ్ నవ్వాడు.

"గిదేంది, పెండ్లి ఫొటోల లెక్క? మొకం పట్టుకొచ్చుడు, చెవులు గుంజుడు, నెత్తి మీద కిరీటం పెట్టుడు."

"నవ్వుకో," అంది కీర్తన, తల తిప్పకుండానే. "వాళ్లకి ప్రాణమైన మనిషి శ్రావణ్. అన్నాళ్లు కలిసి తిరిగారు. మొహం ఒక్కసారీ చూడలేదు. చూపించేవాళ్లు కావాలి కదా!"

బొమ్మలు అమ్ముకునే ఒక వెబ్‌సైటులో ఆమె దుకాణం తెరిచింది. ఫోన్ నంబరు పెట్టమని అడిగితే, "లోకంలో ఉన్నవాళ్లందరికీ నా నంబరు ఎందుకు, నీది పెడుతున్నా" అని అతనిది పెట్టింది. అతనూ సరేనన్నాడు. పనిలో పనిగా తన కోటల బొమ్మలు కూడా తన పేరుతో అదే చోట అమ్మకానికి పెట్టాడు. ఏళ్ల తరబడి దాచుకున్నవి, స్టూడియోకి కూడా చూపించనివి. పొగమంచులో మునిగిన వంతెన, సముద్రంలోకి వంగిన బురుజు, వేయి కిటికీల నల్ల కోట. వాటిని చూశాక కీర్తన బొమ్మలు ఎవరికి కావాలిలే అని లోలోపల కాస్త జాలి కూడా పడ్డాడు.

ఆమెను కెనడా నుంచి అడిగారు. పోలండ్ నుంచి అడిగారు. బెంగళూరు కుర్రాళ్లు గుంపులు గుంపులుగా అడిగారు. అతని నల్ల కోట కింద ఒకే ఒక్కడు రాశాడు, దీన్ని ఫోన్ వాల్‌పేపరుగా ఉచితంగా ఇస్తారా అని.

మొదట్లో అది అసూయ అని శ్రావణ్‌కు తెలియలేదు. ఒంట్లో బాగాలేదనుకున్నాడు. కీర్తన ఫోన్ మోగితే చాలు, తింటున్న అన్నం గొంతులో అడ్డం పడేది. కొన్నవాళ్లు ఆమె బొమ్మల కింద ఏం రాశారో ఆమె కంటే ముందు అతనే చదివేవాడు. 'ఆటలో చచ్చిపోయిన నా మాంత్రికుణ్ణి చూసి ఏడ్చాను' అని ఎవరో రాశారు. ఆ మాట రెండు రోజులు అతన్ని వదల్లేదు. తన బొమ్మ చూసి ఎవరైనా ఏడ్చారా? కనీసం ఆగి చూశారా?

అమృతమ్మ ఇంటి ముందు కూర్చుని పక్కింటి జంగమ్మతో చెప్తుంటే మెట్ల మీద ఉన్న అతనికి వినపడింది.

"మా కోడలు దయ్యాలు, రాచ్చసుల బొమ్మలు గీస్తది. మనం ఇమానాలు సూసుడే గని ఎక్కింది లేదాయె. దాని బొమ్మలు ఏ దేశమంటే ఆ దేశం పోతున్నయి."

"మరి నీ కొడుకేం చేస్తుండు?" అడిగింది జంగమ్మ.

"ఆడు గూడ గీస్తడు. జర ఎనకాముందు."

అమ్మ ఆ మాట చెడ్డగా అనలేదు. కొడుకుని వెనకేసుకొచ్చానే అనుకుంది. శ్రావణ్ మెట్లు దిగకుండానే పైకి వెళ్లిపోయాడు.

అన్నిటికంటే నాన్న విషయం అతన్ని బాగా కోసింది. చిన్నప్పుడు బొగ్గుతో గోడ మీద గుర్రాన్ని గీస్తే బాలమల్లు చెవి మెలేశాడు. బొమ్మల కాలేజీలో సీటొచ్చిందంటే "గోడలకు రంగులేసుడు గూడ సదువేనా" అన్నాడు. కొడుకు గీసిన ఒక్క బొమ్మనూ ఆయన ఇప్పటిదాకా పట్టి చూసింది లేదు. అలాంటి బాలమల్లు ఒక మధ్యాహ్నం పై గదిలో, కిటికీ పక్కన, భుజాన గొంగడి, చేతిలో గొడ్డలితో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మరుగుజ్జుల రాజు కావాలని కెనడా ఆయన ఎవరో అడిగాడట. ఆ గడ్డం, ఆ ముడతలు, ఆ పొగరు మామయ్యలో ఉన్నాయంది కీర్తన.

"మామయ్యా, కొంచెం కోపంగా చూడండి. మీ మెంతికూర ఎవరో ఎత్తుకుపోయారనుకోండి."

"ఎవడు బిడ్డా ఎత్తుకపోయింది?" అని బాలమల్లు నిజంగానే గుడ్లురిమాడు. వెంటనే తనే పకపకా నవ్వాడు.

గుమ్మంలో నిలబడ్డ కొడుకుని చూసి, "సూడు రా, నేను రాజునైన," అన్నాడు.

"మంచిగున్నవు బాపు," అన్నాడు శ్రావణ్. ఆ మాట అనడానికి అతని నోరు ఎంత కష్టపడిందో వాళ్లిద్దరికీ తెలియదు. నేను అడిగితే కూర్చునేవాడా అనుకున్నాడు. ఎప్పుడూ అడగలేదన్న సంగతి మాత్రం ఆ పూట అతనికి గుర్తుకు రాలేదు.

గొంగడి కప్పుకున్న ఆ మరుగుజ్జు రాజు చాలా దూరం పోయాడు. వాళ్లూ వీళ్లూ ఒకరికొకరు పంపుకున్నారు.

ఆ తర్వాత కీర్తన వాళ్లమ్మ వేదవతికి కంటి ఆపరేషన్ అయితే, చూసుకోవడానికి కీర్తన బడంగ్‌పేట్ వెళ్లింది. అప్పుడే శ్రావణ్ ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"నమస్కారమండీ, నా పేరు హరిప్రసాద్. బెంగళూరు నుంచి మాట్లాడుతున్నాను. ఇది కీర్తన గారి నంబరేనా?"

"నేను వాళ్ల హస్బెండ్‌ని. చెప్పండి సార్."

హరిప్రసాద్ ఎంతో ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. తను సొంతంగా ఒక పేకముక్కల ఆట తయారు చేస్తున్నాడు. మన రాళ్లగుట్టల్లాంటి లోకం, అందులో మాంత్రికులు, దొంగలు, రాణులు. ముక్క ముక్కకూ ఒక మనిషి బొమ్మ. గొంగడి రాజును చూసిన రోజే నిశ్చయించుకున్నాడట, మొత్తం ఆటంతా ఈమే గీయాలని.

శ్రావణ్ గది మధ్యలో నిలబడి విన్నాడు. ఎదురుగా కీర్తన కుర్చీ ఖాళీగా ఉంది. ఇలాంటి పని కోసం తను పదేళ్లుగా ఎదురుచూశాడు. ఆట పెట్టె మీద పేరు పడే పని. అది ఇంటికి వెతుక్కుంటూ వచ్చింది గానీ తన కోసం రాలేదు.

"ఆమెకు ఇప్పుడు తీరిక లేదు సార్," అన్నాడు. నోట్లోంచి అంత సులువుగా వచ్చినందుకు అతనికే ఆశ్చర్యమేసింది. "కానీ ఆమెకు పని నేర్పింది నేనే. నా బొమ్మలు పంపుత, చూడండి. మీకు గీ పని నేను చేసిపెడత."

"అలాగా! తప్పకుండా పంపండి," అన్నాడు హరిప్రసాద్.

తన బొమ్మల్లో బాగున్నవన్నీ ఏరి పంపాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున పని ఏదీ తోచలేదు. సాయంత్రం హరిప్రసాదే ఫోన్ చేశాడు.

"శ్రావణ్ గారూ, అద్భుతంగా ఉన్నాయండీ. నేనింత పనితనం ఎక్కడా చూడలేదు. కాకపోతే..." అని ఆగాడు. మాట నొప్పించకుండా ఎలా చెప్పాలా అని వెతుక్కుంటున్నట్టు వినపడింది. "మీ కోటల్లో ఎవరూ ఉండరండీ. అందరూ ఖాళీ చేసి వెళ్లిపోయినట్టుంటాయి. మాకేమో మనుషులు కావాలి. కీర్తన గారికి ఇప్పుడు కుదరకపోతే మేం ఆగుతాం. ఎన్నాళ్లయినా పర్వాలేదు. ఒక్కమాట ఆవిడతో చెప్తారా?"

ఎన్నాళ్లయినా ఆగుతారట!

"అడిగిన సార్. ఆమెకు ఇష్టం లేదట. ఇగ వేరేవాళ్లను చూసుకోండి," అని ఫోన్ పెట్టేశాడు.

పెట్టేశాక కాసేపు హాయిగా అనిపించింది. తర్వాత ఆ హాయి ఎటుపోయిందో తెలియలేదు. కీర్తన తిరిగొచ్చేసరికి గదంతా ఊడ్చి, ఆమె కుర్చీకి ఊగుతున్న కాలు సరిచేసి, టీ కాచి పెట్టాడు. "ఏంటీ రోజు ఇంత మర్యాద?" అని ఆమె నవ్వింది. ఫోన్లేమైనా వచ్చాయా అని అడిగింది. రాలేదన్నాడు. ఆ తర్వాత ఆమె తన మీద చెయ్యి వేసినప్పుడల్లా అతనికి ఒళ్లు బిగుసుకుపోయేది. అయినా చెప్పలేదు. చెప్తే ఆ పని ఆమెకే దక్కుతుందన్నది నిజం. ఆ నిజం అతనికి తప్పు చేసిన దానికంటే ఎక్కువ భయంగా ఉంది.

కొన్నాళ్లకు, వాకిట్లో ముగ్గు వేస్తున్న అమృతమ్మను దాటుకుని, కీర్తన ఫోన్ చూసుకుంటూ వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. బండి తుడుస్తున్న శ్రావణ్ తలెత్తాడు.

"హరిప్రసాద్ అని ఎవరో మెయిల్ చేశారు. వైజాగ్ వెళ్తూ మధ్యలో ఇక్కడ విమానం మారాలిట. సాయంత్రం బయటికొచ్చి కలుస్తా, పది నిమిషాలు చాలు అంటున్నారు. గొంగడి రాజు గురించిట! తీసుకెళ్తావా?"

వద్దనడానికి ఏ సాకూ దొరకలేదు. సాయంత్రం బండి మీద ఎయిర్‌పోర్ట్ దారి పట్టారు. వెనక కూర్చుని ఆమె ఏదో పాడుకుంటోంది. పంక్చరైతే బాగుండుననుకున్నాడు. ఆయన విమానం ఆలస్యమైతే బాగుండుననుకున్నాడు. ఏదీ కాలేదు. పార్కింగులో బండి పెట్టి, టాక్సీవాళ్ల పిలుపుల మధ్య నడుస్తూ, నేను ఇక్కడే ఉంట, నువ్వు పోయిరా అన్నాడు. "సిగ్గా? రా!" అని ఆమె చెయ్యి పట్టి లాక్కెళ్లింది.

అరైవల్స్ బయట కాఫీ కొట్టు దగ్గర ఒక నెరిసిన జుట్టాయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"కీర్తన గారూ, మీకు విసుగు తెప్పిస్తున్నానేమో. ఇష్టం లేదని మీవారు ఫోన్‌లో స్పష్టంగానే చెప్పారు. అయినా మనసొప్పక ఒకసారి మీ నోటితోనే విందామని..." శ్రావణ్ వైపు తిరిగి, "మీరే కదండీ శ్రావణ్ గారు? మీరు పంపిన కోటలు నా ఫోన్‌లో ఇంకా ఉన్నాయి," అన్నాడు.

కీర్తన శ్రావణ్‌ను చూసింది. కోపంగా కాదు, అర్థం కాని చూపు. క్షణంలో ఆ చూపు మారింది. అతను తలుపు లేని గదిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. పక్కన ఎవరి పేరో మైకులో పిలుస్తున్నారు.

"అప్పుడు మా అమ్మకి ఆపరేషన్ అండీ," అంది కీర్తన నెమ్మదిగా. "ఇప్పుడు కుదురుతుంది. చెప్పండి, ఎన్ని పేకముక్కలు?"

వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. శ్రావణ్ కాఫీ తెచ్చాడు. అది చల్లారిపోయేదాకా ఎవరూ తాగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె అతని భుజం పట్టుకోలేదు, వెనక కమ్మీ పట్టుకుని కూర్చుంది. ఊరు దగ్గరికొచ్చాక సర్వీసు రోడ్డు పక్కన బండి ఆపమంది. దిగి ఎదురుగా నిలబడింది.

"ఎందుకలా చేశావు?"

"ఓర్వలేకపోయిన," అన్నాడు.

"నన్నా?"

"నిన్నే. నీ ఫోన్ మోగితే ఓర్వలేను. మా బాపు నీ ముందట కూసుంటే ఓర్వలేను. నేను నేర్పిన చెయ్యి కీర్తనా అది! నన్ను దాటి పోతుంటే ఎట్ల చూడమంటవు?"

పెద్ద లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది.

"నీ కోటలు నేనూ పంపాను," అంది చివరికి. "నన్ను అడిగిన చాలామందికి. మా ఆయన నా కంటే బాగా గీస్తారు, చూడండి అని. వద్దన్నారు. నీకు చెప్పలేదు."

అది దెబ్బలా తగిలింది. తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

"జాలి పడ్డవా నా మీద?"

"జాలి కాదు. నాకు నచ్చుతాయి కాబట్టి పంపాను. వాళ్లకి నచ్చకపోతే నేనేం చేయను? నువ్వు అడిగుంటే, నీ బొమ్మలు చూడమని ఆ హరిప్రసాద్ గారికీ నేనే చెప్పేదాన్ని. నా వెనక, నాకు ఇష్టం లేదని నా మాటగా చెప్పావు చూడు, అది..." మొహం రోడ్డు వైపు తిప్పుకుంది. "నన్ను బడంగ్‌పేట్‌లో దింపు. పని అక్కడే మొదలుపెడతాను."

దింపాడు. కీర్తన వాళ్ల నాన్న జోగారావు గేటు తీసి, "రండి బాబూ, భోంచేసి వెళ్దురు గాని," అన్నాడు. శ్రావణ్ లోపలికి వెళ్లలేదు.

ఇంట్లో అమృతమ్మ కొడుకు మొహం చూసి కథ కొంత పట్టేసింది. "ఏం జేసినవు రా?" అని అడిగింది. తప్పు నాదేనని మాత్రం చెప్పాడు. బాలమల్లు రోజూ అన్నం ముందు కూర్చుని, "బిడ్డ ఎప్పుడొస్తదంట?" అని ఒకటే ప్రశ్న. కీర్తన రోజుకోసారి అత్తమ్మకు ఫోన్ చేసేది, అతనికి చేసేది కాదు.

ఆ రోజుల్లోనే శ్రావణ్ కొత్తూరులో ఒక ప్రింటింగ్ యూనిట్‌లో చేరాడు. బిస్కెట్ ప్యాకెట్ల మీద బొమ్మలు గీసే పని. అంతకు ముందు పిలిస్తే పోనన్నదే. ఇప్పుడు గోధుమ కంకులు, పాలు పోస్తున్న కుండలు గీస్తూ కూర్చుంటే ఆశ్చర్యంగా మనసు కాస్త తేలికపడింది. అక్కడ ఎవరి పేరూ ఉండదు, ఎవరినీ చూసి కుళ్లుకునే అవసరం లేదు.

ఒక మధ్యాహ్నం టీ టైంలో, ఫ్యాక్టరీ గోడ పక్కకు వెళ్లి హరిప్రసాద్‌కు ఫోన్ చేశాడు. ఆమెకు ఇష్టం లేదన్నది అబద్ధమనీ, ఆమెను తను అసలు అడగనే లేదనీ చెప్పాడు.

"ఆ రోజు ఆవిడ మొహం చూసినప్పుడే అనుకున్నానండీ," అన్నాడు హరిప్రసాద్. "చెప్పినందుకు థాంక్స్." ఇంకేమీ అనలేదు. మీరు కూడా ఏదైనా గీయండి అంటాడేమోనని శ్రావణ్ మనసులో ఒక ఆశ ఇంకా ఉంది. అది తెలిసి తనమీద తనకే రోత కలిగింది.

ఆ మాట హరిప్రసాద్ చెప్పాడో, అమృతమ్మ బతిమాలిందో, రెండూనో, కీర్తన ఒక ఆదివారం సంచి పట్టుకుని ఆటో దిగింది. బాలమల్లు ఎదురెళ్లి సంచి అందుకున్నాడు. ఆమె శ్రావణ్‌తో ముక్తసరిగా మాట్లాడింది. బల్లను గదిలో రెండో మూలకు జరిపించుకుంది. చాలా రోజులు ఆ మూల నుంచి ఈ మూలకు టీ గ్లాసులు తప్ప ఏమీ దాటలేదు.

తర్వాత ఒక సాయంత్రం అతను కొత్తూరు నుంచి వచ్చి చొక్కా మారుస్తుంటే పిలిచింది.

"శ్రావణ్, ఒకసారి ఇలా రా. ఇది పంపేయాలి. ఎందుకో సరిగా లేదనిపిస్తోంది. నాకు కనపడట్లేదు."

తెర మీద ఒక ముసలి రాణి దీపం పట్టుకుని ఉంది. ముందు ఆ కళ్ల దగ్గరే అతని చూపు ఆగింది. తను ఈ జన్మలో గీయలేని కళ్లు. ఆ తర్వాత తప్పు కనపడింది. దీపం బరువు మోస్తున్న మణికట్టు అలా వంగదు. దాని వల్ల చెయ్యంతా అతికించినట్టుంది. చూసినవాళ్లు ఎక్కడుందో చెప్పలేరు గానీ ఏదో తేడా ఉందని మాత్రం అనుకుంటారు.

బాగుంది, పంపెయ్ అనొచ్చు. ఆమె నమ్ముతుంది. ఆ తప్పుతోనే రాణి ఆట పెట్టెలోకెక్కి ఊళ్లన్నీ తిరుగుతుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"మణికట్టు," అన్నాడు. "దీపం బరువు దాని మీద పడుతలేదు. చెయ్యి జర కిందికి దిగాలె, మోచెయ్యి ఒంటికి ఆనాలె."

కీర్తన తన చేతిలోకి టీ గ్లాసు తీసుకుని, ఎత్తి, తిప్పి చూసుకుంది.

"అవును కదా!" అంది. రాణి చేతిని భుజం దాకా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది.

శ్రావణ్ స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఈసారి చెయ్యి సరిగ్గానే వస్తోంది, అతను అనుకున్న దానికంటే బాగా వస్తోంది. చూస్తుంటే మళ్లీ ఆ అసూయే తలెత్తింది. లేచి వెళ్లలేదు. ఆమె గీయడం అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.